కీమోలో ఉన్న పిల్లల దగ్గరికి ఆటలమ్మ (చికెన్‌పాక్స్) వస్తే: మొదటి గంట నుంచి చివరి పెచ్చు ఊడేదాకా చేయాల్సినవి

బుధవారం హాస్పిటల్ నుంచి ఇంటికొస్తుంటే కింది వాటా గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. ఏదో పూజ కాబోలు అనుకుని మెట్లెక్కేశాను. సగంలో కాళ్లు ఆగిపోయాయి. ఆదివారం సాయంత్రం ఆ ఇంటి మనవడూ మా బాబూ మా హాల్లో గంటన్నర సేపు క్యారమ్స్ ఆడారు.

మా వాడికప్పుడు ఏడేళ్లు. ఏఎల్ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్‌కి ట్రీట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ దశ, అంటే జబ్బు తిరగబెట్టకుండా చాలాకాలం ఇంట్లోనే కీమో మందులు వాడే దశ నడుస్తోంది. రోజూ రాత్రి 6-ఎంపీ మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్, రెండూ కీమో మందులే. జుట్టు మళ్లీ వచ్చేసింది, బుగ్గలు తేరాయి. చూసేవాళ్లకి మామూలు పిల్లాడే.

కిందికి దిగి అడిగితే పెద్దావిడ తలుపు ఓరగా తీసి, "అమ్మ వచ్చిందమ్మా. సోమవారం పొద్దున కనిపించింది. బయటికి చెప్పుకోకూడదు కదా, అందుకే నీకు చెప్పలా" అంది. ఆవిడని తప్పు పట్టలేను. మా అమ్మ కూడా అలాగే చేసేది. కానీ ఆ చెప్పకపోవడం వల్ల నాకు మూడు రోజులు పోయాయి. ఈ జబ్బులో లెక్క పొక్కు లేచిన రోజు నుంచి కాదు, పిల్లలు కలిసి ఆడుకున్న రోజు నుంచే మొదలవుతుంది.

నేను డాక్టర్ని కాదు. వార్డులో సిస్టర్లు నేర్పింది, మా డాక్టర్ని విసిగించి మరీ అడిగి తెలుసుకుంది రాస్తున్నాను. మందుల మోతాదులు రాయడం లేదు. అవి పిల్లల బరువు, కిడ్నీ పరీక్షలు చూసి డాక్టర్లు రాయాల్సినవి.

ఏ పిల్లల గురించి చెబుతున్నాను

కీమో నడుస్తున్నవాళ్లు, ఎముక మజ్జ లేదా కిడ్నీ మార్పిడి జరిగినవాళ్లు, పుట్టుకతోనే ఇమ్యూనిటీ లోపం ఉన్నవాళ్లు, హెచ్ఐవీ ఉండి రక్షణ కణాలు (సీడీ4) తగ్గినవాళ్లు. వీళ్ల సంగతి తల్లిదండ్రులకు తెలిసే ఉంటుంది. చాలామంది మర్చిపోయేది నెఫ్రోటిక్ సిండ్రోమ్ పిల్లల్ని. మొహం, కాళ్లు ఉబ్బి, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు కదా, వాళ్లు. రోజుకి ఒంటి బరువులో కిలోకి 2 మిల్లీగ్రాములు గానీ, మొత్తం రోజుకి 20 మిల్లీగ్రాములు గానీ, అంతకు మించి గానీ రెండు వారాలుగా వాడుతుంటే ఆ పిల్లల ఇమ్యూనిటీ కూడా అణిగి ఉన్నట్టే. "మాది క్యాన్సర్ కాదు కదా" అని వదిలేయొద్దు.

మామూలు పిల్లలకి ఆటలమ్మ వారం రోజుల దురద, జ్వరం. ఈ పిల్లలకి అలా కాదు. వైరస్ చర్మం దగ్గర ఆగదు, ఊపిరితిత్తులకీ, లివర్‌కీ, మెదడుకీ పాకుతుంది. దీనికి మందు లేని రోజుల్లో కీమోలో ఉన్న పిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి లోపలి అవయవాలకు సోకేది, నూటికి ఏడుగురు చనిపోయేవారు. ఇప్పుడు మందుంది. టైముకి మొదలుపెట్టడమే మన చేతిలో ఉన్న పని.

ముందే చేసి పెట్టుకోవాల్సినవి

మన దగ్గర చలి తగ్గి ఎండలు ముదిరే నెలల్లో, అంటే సంక్రాంతి దాటాక పరీక్షల కాలం వరకూ ఆటలమ్మ ఎక్కువ. అది రాకముందే ఇవి చూసుకోండి.

డిశ్చార్జి సమ్మరీ, చివరి రక్తపరీక్ష, వాడుతున్న మందుల లిస్టు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. వార్డు నంబరు, రాత్రిపూట డ్యూటీ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉండాలి. మా ఇంట్లో మా మామగారి బటన్ ఫోన్లో కూడా ఉంది.

ట్రీట్‌మెంట్ మొదలుపెట్టే ముందు, రక్తం ఎక్కించకముందే, ఆటలమ్మ యాంటీబాడీ పరీక్ష చేశారేమో అడగండి. రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కించాక చేస్తే దాతల యాంటీబాడీలు కనబడి "రక్షణ ఉంది" అని తప్పు రిపోర్టు రావచ్చు. బిడ్డకి ఇంతకుముందు ఆటలమ్మ వచ్చిందా, టీకా వేయించారా అన్నది కూడా రాసి పెట్టుకోండి. వచ్చి ఉన్నా, టీకా పడినా "ఇంక ఫర్వాలేదు" అని మీరే తేల్చేయొద్దు. కీమోలో పాత రక్షణ కూడా కరిగిపోవచ్చు.

ఇంట్లో మిగతావాళ్ల సంగతి. ఆటలమ్మ టీకా మన ప్రభుత్వ ఉచిత టీకాల లిస్టులో లేదు, ప్రైవేటులో రెండు డోసులు వేయించుకోవాలి. అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ, ఆటలమ్మ ఎప్పుడూ రాని పెద్దవాళ్లకీ వేయిస్తే జబ్బున్న బిడ్డ చుట్టూ కంచె వేసినట్టే. టీకా వేశాక వాళ్ల ఒంటి మీద దద్దుర్లు లేస్తే మాత్రం అవి తగ్గేదాకా బిడ్డకి దూరంగా పడుకోబెట్టాలి. జబ్బున్న బిడ్డకి మాత్రం బతికున్న వైరస్ టీకాలు, అంటే ఆటలమ్మది, మీజిల్స్-రుబెల్లాది, నోట్లో వేసే పోలియో చుక్కలు, డాక్టరు చెప్పకుండా వేయించకూడదు. ఆ ఇంట్లో మిగతా పిల్లలకు కూడా పోలియో చుక్కలకు బదులు ఇంజెక్షనే మంచిది. పల్స్ పోలియో రోజు ఇంటికొచ్చే ఆశా అక్కకి ఈ మాట మీరే చెప్పాలి, ఆవిడకెలా తెలుస్తుంది?

ఇక చుట్టుపక్కల వాళ్లు. ఇదే అన్నిటికన్నా కష్టం. స్కూల్లో క్లాస్ టీచర్‌కీ, ఆటో డ్రైవర్‌కీ, ట్యూషన్ మేడమ్‌కీ, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనూ ఒకే మాట చెప్పండి: "మా బాబుకి ఆటలమ్మ ప్రాణం మీదికొస్తుంది. మీ ఇంట్లో ఎవరికొచ్చినా నాకొక్క ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా సరే." అమ్మవారి పేరెత్తడానికి జంకేవాళ్లుంటారు. వాళ్లకి "పేరు చెప్పక్కర్లేదు, ఇంట్లో వేపాకు పెట్టాం అనండి చాలు" అన్నాను. అది పనిచేసింది. ఆ తర్వాత నాకు అలాంటి ఫోన్లు రెండొచ్చాయి.

సోకి ఉండొచ్చా లేదా తేల్చుకోవడం

ఆటలమ్మ గాలిలో పాకుతుంది. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది, అన్ని పొక్కులూ పెచ్చు కట్టేదాకా అంటుకుంటూనే ఉంటుంది. మా విషయంలో జరిగిందదే. ఆదివారం ఆ అబ్బాయి ఒంటి మీద ఒక్క పొక్కు లేదు.

ఒకే ఇంట్లో ఉన్నా, ఒకే గదిలో పావుగంటో ఇంకా ఎక్కువో కలిసి ఉన్నా, ఎదురెదురుగా కూర్చుని కాసేపు మాట్లాడుకున్నా సోకిందనే అనుకుని ముందుకెళ్లాలి. వీధి చివర ఒకళ్లకి వచ్చిందని తెలిసి మీ వాడు అటు వెళ్లనే లేదంటే కంగారు అక్కర్లేదు.

చాలామందికి తెలియని దారి ఇంకోటుంది: అక్కి. నడుముకో ఛాతీకో ఒక పక్కన పట్టీలా లేచి మంట పుట్టించే పొక్కులు. ఊళ్లలో కుమ్మరివాళ్ల దగ్గరికెళ్లి ఎర్రమట్టితో అక్కి రాయించుకుంటారు. అది కూడా ఇదే వైరస్. చిన్నప్పుడెప్పుడో వచ్చిన ఆటలమ్మ నరాల్లో నక్కి ఉండి, వయసు పైబడ్డాక అక్కిగా పైకి లేస్తుంది. తాతయ్యకి అక్కి లేస్తే, ఆ పొక్కుల రసి నుంచి మనవడికి ఆటలమ్మ అంటుకోవచ్చు. తాతయ్య పక్కన పడుకునే పిల్లలుంటారు మన ఇళ్లల్లో. అక్కి కనిపిస్తే బట్ట కప్పి ఉంచాలి, పెచ్చు కట్టేదాకా బిడ్డ పక్క మార్చాలి, డాక్టరుకి ఫోన్ కూడా చేయాలి.

సున్నా రోజు

గోడ మీది క్యాలెండర్ తీయండి. బిడ్డ ఆ మనిషిని కలిసిన రోజుకి ఎర్ర పెన్నుతో 0 వేయండి. అక్కణ్నుంచి 7, 8, 10, 21, 28 రోజులకి గుండ్రాలు చుట్టండి. చాలాసార్లు కలిసుంటే 10 దాకా ఉన్న రోజుల్ని మొదటిసారి కలిసిన రోజు నుంచి, 21నీ 28నీ చివరిసారి కలిసిన రోజు నుంచి లెక్కపెట్టండి. ఇది మా డాక్టరు చెప్పిన పద్ధతి కాదు, నేను వేసుకుంది. కానీ రౌండ్స్‌కి వచ్చిన జూనియర్ డాక్టరమ్మ ఆ క్యాలెండర్ ఫొటో తీసుకుంది.

7 అంటే నివారణకి మాత్రలిస్తే సాధారణంగా మొదలుపెట్టే రోజు. 8 నుంచి మీ బిడ్డ వల్ల ఇంకొకరికి అంటుకునే అవకాశం మొదలు. 10 నుంచి పొక్కులు రావచ్చు, 21 దాకా కాపు కాయాలి. ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు, ఇచ్చి ఉంటే అది జబ్బును ఆలస్యం కూడా చేస్తుంది కాబట్టి 28 దాకా.

ఫోన్ చేయడం

తెలిసిన గంటలోనే చేయాలి. "రేపు ఓపీ ఉంది కదా, అప్పుడు చెబుదాం" వద్దు. ముందు ఫోన్, తర్వాతే ప్రయాణం. చెప్పాల్సింది ఇంతే: బిడ్డ పేరు, జబ్బు, ఏ దశ, చివరి కీమో ఎప్పుడు, చివరి తెల్లకణాల లెక్క, ఎవరిని ఎప్పుడు ఎంతసేపు కలిశాడు, ఆ మనిషికి పొక్కులు ఎప్పుడు లేచాయి, మీ వాడికి ఇంతకుముందు ఆటలమ్మ వచ్చిందా. ఈమధ్య ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే ఇమ్యునోగ్లోబ్యులిన్) ఎక్కించి ఉంటే అది కూడా చెప్పండి. మూడు వారాల్లోపు ఎక్కించి ఉంటే కొంత రక్షణ ఉన్నట్టే లెక్క.

డాక్టర్ల దగ్గర మూడు దారులుంటాయి. మొదటిది ఆటలమ్మ యాంటీబాడీల ఇంజెక్షన్, వీజడ్ఐజీ. ఎంత త్వరగా పడితే అంత మేలు. ఇదివరకు 96 గంటల్లోపు అనేవారు, 2013 నుంచి అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ పది రోజుల దాకా ఇవ్వొచ్చంటోంది. మన దగ్గర ఇది దొరకడం కష్టం, ధర కూడా ఎక్కువ. రెండోది ఐవీఐజీ, మామూలు దాతల యాంటీబాడీలు సెలైన్‌లా ఎక్కించడం. మూడోది ఈ వైరస్‌ని అణిచే ఎసైక్లోవిర్ మందు, మాత్రలో సిరప్పో, ఏడో రోజు నుంచి ఒక వారం. రోజుకి నాలుగుసార్లు ఉంటుంది, ఒక్క డోసు కూడా తప్పకూడదు. "ఏడో రోజు దాకా ఎందుకాగాలి సార్, ఇవాళే వేసేద్దాం" అన్నాను. వైరస్ ముందు లోపల గుట్టుగా పెరిగి, తర్వాత రెండో విడత రక్తంలోకి వస్తుందట. దాన్ని అక్కడ పట్టుకోవాలన్నారు.

మా వాడికి మూడోదే ఇచ్చారు. ఎసైక్లోవిర్ వెనక ఉన్న శాస్త్రవేత్త గెర్ట్రూడ్ ఎలియన్ గురించి ఆ రోజుల్లోనే చదివాను. 1988లో నోబెల్ పంచుకున్నారు. మా వాడు రోజూ రాత్రి మింగే 6-ఎంపీ కూడా ఆవిడా ఆవిడతో పనిచేసినవాళ్లూ చేసిన మందేనట. ఒక డబ్బాలో ఆవిడ మాత్రే, పక్క డబ్బాలోనూ ఆవిడ మాత్రే.

కీమో మాత్రలు ఆపాలా వద్దా అన్నది మీరు నిర్ణయించొద్దు, అడగండి. స్టెరాయిడ్ అయితే అసలు మీ అంతట మీరు ఆపొద్దు. చాలాకాలం వాడుతూ ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్లు తట్టుకోలేక కుప్పకూలిపోవచ్చు.

ఇదే సమయంలో ఇంకో మాట: కలిసిన మనిషికి వచ్చింది ఆటలమ్మ కాదు, తట్టు, అంటే మీజిల్స్ అయితే లెక్క వేరు. దానికి ఇమ్యునోగ్లోబ్యులిన్ ఆరు రోజుల్లోపు పడాలి. ఊళ్లలో రెండింటినీ అమ్మవారే అంటారు కాబట్టి నీటి పొక్కులా, ఎర్ర దద్దురా అని అడిగి తెలుసుకోండి. కుదిరితే ఫొటో తెప్పించుకోండి.

8 నుంచి 21 దాకా

ఈ రోజుల్లో ఓపీ ఉంటే వెళ్లే ముందు వార్డుకి చెప్పండి. మీ బిడ్డ లాంటి పిల్లలే అక్కడ ముప్ఫై మంది కూర్చుని ఉంటారు. వేరే గదిలో, లేదా చివర్లో చూస్తారు.

రోజుకి రెండుసార్లు, పొద్దున స్నానం చేయించేటప్పుడూ రాత్రి పడుకోబెట్టేటప్పుడూ, మంచి వెలుతురులో ఒళ్లంతా చూడండి. తల వెంట్రుకల్లో, చెవుల వెనక, చంకల్లో, నోట్లో అంగిట్లో. జ్వరం చంకలోనే చూడండి, మలద్వారంలో థర్మామీటర్ పెట్టొద్దు. ఒక్కసారి 101 వచ్చినా, 100.4 గంటసేపు నిలిచినా వెంటనే హాస్పిటల్. పారాసెటమాల్ వేసి తగ్గిందో లేదో చూద్దాం అని కూర్చోవద్దు. కీమో పిల్లల్లో జ్వరం ఆటలమ్మ వల్ల కాకపోయినా అర్జెంటే.

మా వాడికి పదహారో రోజు రాత్రి ఎడమ చెవి వెనక చెమటకాయ లాంటిది కనిపించింది. ఫోన్ టార్చి వేసి చూస్తే మీద సన్నటి నీటి బొట్టు. ఇంకోటి పాపిట్లో. అంతే, రెండే రెండు. "రెండేగా, పొద్దున చూద్దాంలే" అని మా ఆయన అనలేదు, అందుకు ఇప్పటికీ ఆయనకి థాంక్స్ చెబుతుంటాను.

పొక్కు కనిపించిన గంట

ఒక్క పొక్కు చాలు బయల్దేరడానికి. మాత్రలు వాడుతున్నా సరే. పొక్కుల కన్నా ముందే వచ్చే గుర్తు ఇంకోటుంది: తట్టుకోలేని కడుపునొప్పి లేదా నడుంనొప్పి. చర్మం మీద ఏమీ లేకుండానే వైరస్ లివర్‌కీ పేగులకీ చేరితే ఇలా వస్తుంది. అజీర్తి అనుకుని వాము నీళ్లు పట్టించి కూర్చుంటే ఒక రోజు పోతుంది. ఆ 21 రోజుల్లో కడుపునొప్పి అంటే "ఆటలమ్మ సోకిన పిల్లాడు, కడుపునొప్పి" అని డాక్టరుకి అదే మాటల్లో చెప్పండి.

ఆయాసం, ఏడాదిలోపు పిల్లలు నిమిషానికి 50కి పైగా, ఏడాది నుంచి ఐదేళ్లలోపు వాళ్లు 40కి పైగా, అంతకన్నా పెద్ద పిల్లలు 30కి పైగా ఊపిరి తీయడం, ఆక్సిజన్ 94 కన్నా తగ్గడం, మత్తుగా ఉండటం, తూలడం, ఫిట్స్, కళ్లు పచ్చబడటం, పొక్కుల్లో నీరు బదులు రక్తం కనిపించడం. వీటిలో ఏదున్నా సొంత బండి కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి, ఆటలమ్మ అని కూడా చెప్పండి.

గేటు దగ్గరే మాస్కు పెట్టి, లోపలికి తీసుకెళ్లకముందే ఒకరు వెళ్లి చెప్పాలి. మేం మొదట దగ్గరని వెళ్లిన ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో చీటీ రాయించుకోమని నలభై నిమిషాలు అందరి మధ్యా కూర్చోబెట్టారు. పక్క బెంచీ మీద నిండు గర్భిణి. నేనే లేచి వాణ్ని వరండాలోకి తీసుకెళ్లాను. గర్భిణులకీ ఇది ప్రమాదమే. చీటీ రాసే అబ్బాయికి తెలియకపోవచ్చు, గట్టిగా చెప్పాల్సింది మనమే.

చేయకూడనివి కూడా ఇక్కడే చెప్పాలి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికెళ్తే జ్వరానికీ దురదకీ డెక్సా ఇంజెక్షన్ వేయొచ్చు. అది స్టెరాయిడ్, అణిగిన ఇమ్యూనిటీని ఇంకా అణచేస్తుంది. ప్లేట్‌లెట్లు తక్కువున్న పిల్లలకి తుంటిలో ఏ సూదైనా ప్రమాదమే. యాస్పిరిన్ ఇవ్వకూడదు, ఐబుప్రొఫెన్ ఇవ్వకూడదు. పారాసెటమాల్‌తో కలిపి అమ్మే కొన్ని సిరప్‌లలో ఐబుప్రొఫెన్ ఉంటుంది, సీసా మీద చదవండి. మెడికల్ షాపులో ఇచ్చే ఎసైక్లోవిర్ ఆయింట్‌మెంట్ దీనికి ఏమాత్రం సరిపోదు, మందు రక్తంలోకి వెళ్లాలి.

వార్డులో

ఎసైక్లోవిర్‌ని 8 గంటలకోసారి, గంటసేపు నెమ్మదిగా ఎక్కిస్తారు. వేగంగా ఎక్కినా, ఒంట్లో నీరు తక్కువైనా మందు కిడ్నీల్లో స్ఫటికాల్లా పేరుకుంటుంది. అందుకే సెలైన్, నీళ్లు, మూత్రం లెక్క. మూత్రం ఎన్నిసార్లు ఎంత పోశాడో కాగితం మీద రాయడం మన పనే అనుకోండి, సిస్టర్లు దణ్ణం పెడతారు. క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), లివర్ పరీక్షలు చేస్తారు, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. కొత్త పొక్కులు లేవడం ఆగి, జ్వరం తగ్గాక మాత్రల్లోకి మారుస్తారు. మొత్తం 7 నుంచి 10 రోజులు, కొందరికి ఇంకా ఎక్కువ. ఐదారు రోజుల తర్వాత కూడా కొత్తవి లేస్తుంటే అది మీరు చెప్పాల్సిన సంగతి. నేను రోజూ పొద్దున వీపు ఫొటో తీసి ముందు రోజు ఫొటోతో పోల్చేదాన్ని.

తోడుండే మనిషి చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చి తగ్గినవాళ్లయితే మంచిది. గోళ్లు పొట్టిగా కత్తిరించండి. గీరుకుంటే చీము పట్టేది అక్కడే. దురదకి కాలమిన్, డాక్టరు రాస్తే మందు.

వేపాకు, పథ్యం, నీళ్లు పోయడం

మా అత్తయ్యగారితో నాకు గొడవ వచ్చింది ఇక్కడే. గుమ్మానికి వేపమండలు కట్టడం వల్ల ఏ నష్టమూ లేదు. కట్టుకోండి, ఇంటికొచ్చేవాళ్లకి అదొక బోర్డు లాంటిది కూడా. కానీ వేపాకు, పసుపు నూరి పచ్చి పొక్కుల మీద రాయడం ఈ పిల్లల విషయంలో వద్దు. ఆకు మీది మట్టిలో, రోలు పొత్రంలో ఉండే సూక్ష్మజీవులు చాలు వీళ్లకి. ఉప్పు కారం తిరగమోత మానేసి చప్పిడి పెట్టడం వల్ల పిల్లాడు తినడం మానేస్తాడు, అదే అసలు నష్టం. వేడిగా వండింది ఏది తింటే అది పెట్టండి, నీళ్లు బాగా తాగించండి. స్నానం రోజూ గోరువెచ్చటి నీళ్లతో చేయించొచ్చు, తొమ్మిదో రోజు దాకా ఆగక్కర్లేదు. చివర్లో మొక్కు తీర్చుకోవడం, అమ్మవారికి చద్ది పెట్టడం మాకు ఆనవాయితీ. అవన్నీ అత్తయ్యగారు శుభ్రంగా చేశారు. మందు మానకుండా ఏదైనా చేసుకోండి అన్నారు మా డాక్టరు, ఆయనా మన ఊళ్లవాడే.

తగ్గాక

ప్రతి పొక్కూ పెచ్చు కట్టాక ఇక అంటుకోదు. తెల్లకణాలు లేచాక కీమో ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెబుతారు. మాకు రెండు వారాలకు పైనే ఆగింది. ఆ రెండు వారాలూ ఆటలమ్మ కన్నా క్యాన్సర్ గురించే టెన్షన్ పడ్డాను. మిగతా టీకాలు కీమో పూర్తయ్యాక సాధారణంగా 3 నుంచి 6 నెలలు ఆగి వేస్తారు, ఆ తేదీ సమ్మరీలో రాయించుకోండి.

వైరస్ మాత్రం ఒంట్లోంచి పోదు. ఇమ్యూనిటీ తక్కువున్న పిల్లలకి నెలల్లోనే అక్కిగా తిరిగి లేవొచ్చు. ఒక పక్కనే మంట, పట్టీలా పొక్కులు కనిపిస్తే మళ్లీ అదే గంటలో అదే ఫోన్. మా వాడికి ఇప్పటిదాకా లేవలేదు. కానీ "అమ్మా, వీపు దురద" అంటే చాలు, వంట ఆపి చొక్కా ఎత్తి చూస్తాను.